నల్లబల్ల మీద నాలుగు దిక్కులు

(దివిసీమలో ఒక గ్రంథాలయ సభలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు మాట్లాడింది. రికార్డింగ్ విని రాసుకున్నది.)

సభాధ్యక్షులు మాస్టారికి, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకి, వెనకాల ఫ్యాను కింద చోటు చూసుకున్న పెద్దలకి నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు "మాస్టారూ, మాల్దీవుల్లో పనిచేసి వచ్చారుగదా, అక్కడి సంగతులు చెప్పండి, ఫోటోలుంటే పట్టుకురండి" అన్నారు. ఫోటోలు తేలేదు. ఎందుకు తేలేదో మధ్యలో చెప్తాను.

ముందు ఒక మాట. మనం "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం చూడండి, ఆ గవ్వలు చాలామటుకు ఆ దీవుల నుంచి వచ్చినవే. బాలాసోరు రేవు నుంచి ఓడల్లో బియ్యం అటు వెళ్ళేది, గవ్వలు ఇటు వచ్చేవి. ఒరిస్సాలో, బెంగాల్లో బజారులో చెల్లిన డబ్బు అది. ఇంకో సంగతి. అక్కడివాళ్ళు తమ భాషని దివేహి అంటారు. దివేహి అంటే దీవివాడు అని. మనది దివిసీమ. నేను చేరిన మొదటి రోజున స్టాఫ్ రూములో ఈ ముక్క చెప్తే అక్కడి హెడ్మాస్టరు పకపకా నవ్వి, "అయితే నువ్వు మావాడివే" అన్నాడు. వాళ్ళ పడవ పేరు ధోణి. మన దోనె. నేను క్రైస్తవుణ్ణని ఆయనకి తెలుసు. అయినా ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ నేను చెప్పబోయేది చెడ్డ మనుషుల కథ కాదు. అక్కడ నాకు చెడ్డవాళ్ళు చాలా తక్కువ తగిలారు.

పన్నెండు వందలకి కాస్త తక్కువ దీవులు, అందులో జనం ఉండేవి రెండొందల లోపు. పగడపు దీవులు ఉంగరంలా గుండ్రంగా ఉంటాయి, దాన్ని అటోల్ అంటారు. ప్రపంచమంతా వాడే ఆ మాట వాళ్ళ భాషలోంచి వెళ్ళిందే. 2022 జనాభా లెక్కల్లో మాలాంటి పరదేశీయులతో కలిపి ఐదు లక్షల పైచిలుకు. స్కూళ్ళలో, ఆస్పత్రుల్లో మనవాళ్ళు దండిగా ఉంటారు. మలయాళీలు ఎక్కువ, తమిళులు, మన తెలుగువాళ్ళు అక్కడక్కడా.

ఇప్పుడు అసలు లెక్క. ఆ దేశ పౌరుల్లో క్రైస్తవులు ఎంతమంది? ప్రభుత్వం లెక్క ప్రకారం సున్నా. హిందువులు సున్నా, బౌద్ధులు సున్నా, ఏ మతమూ లేనివాళ్ళు సున్నా. నూటికి నూరు మందీ ముస్లింలే. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. మనుషుల విషయంలో నూటికి నూరు అనే జవాబు వస్తే, లెక్క ఎక్కడో దిద్దారని అర్థం.

దిద్దింది రాజ్యాంగం. 2008లో కొత్త రాజ్యాంగం వచ్చింది. మంచి రాజ్యాంగమనే పేరు. ముప్పై ఏళ్ళు అధ్యక్షుడిగా ఏలిన గయూమ్‌ని ఓడించి నషీద్ గెలిచింది ఆ రాజ్యాంగం కింద పెట్టిన ఎన్నికల్లోనే. పార్టీలు వచ్చాయి, హక్కుల అధ్యాయం వచ్చింది. అదే పుస్తకంలో తొమ్మిదో అధికరణం చూడండి. ఒక చోట, ఏ పౌరుడి పౌరసత్వమూ ఊడబీకరాదు అని ఉంది. అదే అధికరణంలో ఇంకాస్త కిందికి వస్తే, ముస్లిం కానివాడు మాల్దీవుల పౌరుడు కాలేడు అని ఉంది. సరే, ఒక పౌరుడు మతం మారాడనుకోండి. మొదటి వాక్యం ప్రకారం వాడి పౌరసత్వం పోదు. రెండో వాక్యం ప్రకారం ఉండదు. రెండూ ఒకేసారి నిజం కావాలంటే ఒక్కటే దారి: అలాంటి మనిషే ఉండకూడదు. మా లెక్కల్లో దీన్ని శూన్య సమితి అంటాం. ఉన్నా లేనట్టు రాసుకోవాలి.

వివక్ష చూపరాదు అని చెప్పే అధికరణంలో జాతి, లింగం, వయసు అన్నీ ఉన్నాయి, మతం అనే మాట లేదు. భావ ప్రకటన స్వేచ్ఛ ఉంది, ఇస్లాం సూత్రాలకి విరుద్ధం కానంతవరకు. దీనికి ముందే 1994లో మత ఐక్యత పరిరక్షణ చట్టం ఒకటి ఉంది. ఐక్యత అన్న మాట వినడానికి బాగుంటుంది. ఇస్లాం తప్ప ఇంకోటి ప్రచారం చేస్తే నేరం అని దాని అర్థం. మాలాంటి పరదేశీయులు గదిలో తలుపేసుకుని ప్రార్థన చేసుకోవచ్చు. సొంతానికి ఒక బైబిల్ ఉంచుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో నా సంచీలో బైబిల్ చూసి "మీకోసమేనా?" అని అడిగి వదిలేశారు. అదే బైబిల్‌ని నేను ఓ దివేహి కుర్రాడికి ఇస్తే నేరం. కుర్రాడు పుచ్చుకుంటే వాడి బతుకు తెల్లారినట్టే.

మరి ఇంత భయం ఎందుకు? దీనికి ఒక పాత కథ ఉంది. ఇది కాస్త సావకాశంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాదంతా మూర్ఖత్వంలా కనిపిస్తుంది.

ఆ దీవులు ఒకప్పుడు బౌద్ధుల దీవులు. 1153లో రాజు ఇస్లాం పుచ్చుకున్నాడని వాళ్ళ చరిత్ర. సముద్రంలోంచి నెలనెలా ఒక భూతం వచ్చి కన్యని బలి కోరేదనీ, పరదేశం నుంచి వచ్చిన ఒక సాధువు రాత్రంతా ఖురాన్ చదివి దాన్ని తరిమేశాడనీ, రాజు అది చూసి మారాడనీ కథ. అక్కడి పిల్లలకి కంఠతా వచ్చు. తర్వాత నాలుగొందల ఏళ్ళకి, 1552లో, ఇంకో రాజు మతం మారాడు. తొమ్మిదో హసన్. సింహాసనం వదిలి కొచ్చిన్ చేరి, పోర్చుగీసువాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకుని డోమ్ మనోయెల్ అయ్యాడు. అంటే, ఆ దేశంలో మన ఎరుకలో మొట్టమొదటి క్రైస్తవుడు సాక్షాత్తు రాజే! మారినవాడు ఊరుకోలేదు. నేనే ఇంకా రాజుని, కప్పం నాకే కట్టండి అని కబురు పెట్టాడు. వాళ్ళు పొమ్మన్నారు. 1558లో పోర్చుగీసు నౌకలు వచ్చి రాజధాని మాలేని పట్టుకున్నాయి. పదిహేనేళ్ళు. ఉతీము అనే దీవి నుంచి ముహమ్మద్ తకురుఫాను అనే ఆయన అన్నదమ్ములతో కలిసి రాత్రిపూట పడవ మీద వచ్చి దెబ్బ కొట్టడం, పగటిపూట దాక్కోవడం, ఇలా ఏళ్ళ తరబడి పోరాడి 1573లో మాలేని విడిపించాడు. జాతీయ దినం అంటే అక్కడ ఆ రోజే. మాలేలో జనాన్ని తెల్లారేసరికి క్రైస్తవంలోకి మార్చకపోతే చంపేస్తామని పోర్చుగీసువాళ్ళు ముహూర్తం పెట్టారనీ, ఆ ముందు రాత్రే తకురుఫాను వచ్చి దిగాడనీ చెప్పుకుంటారు.

మా స్కూల్లో పిల్లలు ఈ నాటకం ఏటా వేసేవారు. పోర్చుగీసు దొర వేషం వేసిన పిల్లాడి మెడలో అట్టముక్కతో చేసిన శిలువ ఉండేది. నేను రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి. పిల్లాడు నా దగ్గర ట్యూషన్‌కి వచ్చేవాడే, బాగా చేశాడు మరి! కానీ ఆలోచించండి, నాలుగో తరగతి నుంచి మెదడులో పడే బొమ్మ అది. శిలువ వేసుకున్నవాడు దేశాన్ని అమ్మినవాడు. అందుకే అక్కడ ఒకడు మతం మారాడంటే "వాడి నమ్మకం మారింది" అనుకోరు, "వాడు అవతలి పక్షానికి పోయాడు" అనుకుంటారు. నాకు ఆ భయం అర్థమవుతుంది. నాలుగొందల యాభై ఏళ్ళ కిందటి రాజు చేసిన పనికి ఇవాళ్టి కూలీవాడో నర్సమ్మో జవాబు చెప్పుకోవాలనడం మాత్రం అర్థం కాదు.

మాలేలో హుకురు మిస్కీ అని 1658లో కట్టిన మసీదు ఉంది. పగడపు రాతి మీద చెక్కడం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ కట్టడం సరిగ్గా మక్కా వైపు ఉండదు, పడమటికి తిరిగి ఉంటుంది. అంతకుముందున్న పాత గుడి పునాది మీద లేపారని చెప్తారు. అందుకని లోపల నమాజు చేసేవాళ్ళు గోడకి ఎదురుగా కాకుండా మూలకి తిరిగి నిలబడతారు. తివాచీ మీద గీతలు ఏటవాలుగా ఉంటాయి. నేను బయట నుంచి చూశానంతే. లెక్కల మాస్టారిని కదా, ఆ కోణం ఎంత ఉంటుందా అని మనసులో కొలుచుకున్నాను.

ఇక 1998 సంగతి. పెద్దవాళ్ళకి ఫెబా రేడియో గుర్తుండే ఉంటుంది. షార్ట్‌వేవ్‌లో సీషెల్స్ దీవుల నుంచి వచ్చేది, తెలుగులో బైబిల్ వాక్యం చెప్పేవారు. మా నాన్నగారు సాయంత్రం రేడియో చెవి మెలిపెట్టి గరగరలో వెతికేవారు. ఆ స్టేషనే 1998లో దివేహి భాషలో క్రైస్తవ కార్యక్రమం మొదలుపెట్టింది. మాలేలో అగ్గి రాజుకుంది. జూన్‌లో పోలీసులు ఇళ్ళు సోదా చేశారు. పరదేశీ క్రైస్తవుల్ని కుటుంబాలతో సహా దేశం నుంచి పంపేశారు, మళ్ళీ జన్మలో రావద్దని ముద్ర వేసి. మతం మారారన్న అనుమానం ఉన్న మాల్దీవులవాళ్ళని పదుల సంఖ్యలో పట్టుకెళ్ళారు. నమాజు చెయ్యాలని, ఖురాన్ చదవాలని వాళ్ళ మీద ఒత్తిడి పెట్టారని అప్పట్లో వార్తలు వచ్చాయి. బయటి దేశాల నుంచి గొడవ పెరిగాక, కొన్ని నెలలకి వదిలారు.

వదిలాక ఏమైందన్నది ఎవరూ రాయరు. మన ఊళ్ళలో అయితే ఒక ఊరు కాకపోతే ఇంకో ఊరు పోయి బతకొచ్చు. అక్కడ ఊరంటే నడిచి ఇరవై నిమిషాల్లో చుట్టి రాగలిగే దీవి. ఎవడి పడవ ఎప్పుడు కదిలిందో అందరికీ తెలుసు. అలాంటిచోట జైలు అవసరమే లేదు. చిన్నమ్మ మాట్లాడదు, కొట్టువాడు అప్పు ఇవ్వడు, పెళ్ళాన్ని పుట్టింటివాళ్ళు తీసుకుపోతారు. మతం విడిచాడన్న నేరానికి ఆ దేశంలో కోర్టు ఎవరినీ ఉరితియ్యలేదు, అది నిజం. తియ్యాల్సిన పని పడలేదు.

ఇప్పుడు ఫోటోల సంగతి. 2010లో షవియాని అటోల్‌లో ఒక దీవిలో మన దేశం నుంచి వెళ్ళిన టీచరమ్మ ఒకావిడ సోషల్ క్లాసులో దిక్కులు చెప్తోంది. నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. పైన ఉత్తరం, కింద దక్షిణం. ఏ టీచరైనా అలాగే గీస్తారు, ఇంకెలా గీస్తారు? పిల్లలు ఇంటికెళ్ళి "టీచరు శిలువ గీసింది" అన్నారు. తల్లిదండ్రులు కోపంతో స్కూలు మీదికి వచ్చారు. ఆమెని ఆ దీవి నుంచి ఇంకో దీవికి తరలించాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి వాళ్ళ పిల్లలకే చదువు చెప్పిన మనిషి.

ఈ వార్త మాకు తెలిసిన వారం నేను తొమ్మిదో తరగతికి గ్రాఫులు చెప్పాలి. ఎక్స్ అక్షం, వై అక్షం. నిలువు గీత, అడ్డ గీత! నవ్వకండి, నాకు చెమటలు పట్టాయి. ఆ రోజు బల్ల మీద మూల నుంచి మొదలుపెట్టి ఎల్ ఆకారంలో గీశాను. ధన సంఖ్యలు మాత్రమే చెప్పాను. రుణ సంఖ్యలు వచ్చే వారం అన్నాను. ఒక పిల్ల లేచి, "సర్, పుస్తకంలో నాలుగు భాగాలున్నాయి, మీరు ఒకటే గీశారేం?" అని అడిగింది. తెలివైన పిల్ల. "టైము లేదమ్మా" అన్నాను. నా సర్వీసులో పిల్లలకి చెప్పిన అబద్ధాల్లో అదొకటి.

ఆ మరుసటి ఏడాది, 2011లో, ఇంకో దీవిలో ఒక కేరళ టీచరు. స్కూలు కంప్యూటర్‌లోకి పెన్‌డ్రైవ్ నుంచి ఏదో ఎక్కిస్తుంటే దాంతోపాటు మరియమ్మ బొమ్మ, మలయాళం కీర్తనలు కాపీ అయ్యాయి. ఎవరో చూశారు. ఇల్లు సోదా చేస్తే బైబిల్, జపమాల దొరికాయి. రెండు వారాలపాటు లాకప్‌లో పెట్టి, విమానం ఎక్కించారు. ఆ రాత్రి మా క్వార్టర్లో ముగ్గురం కూర్చుని పెన్‌డ్రైవ్‌లు, ఫోన్‌లు అన్నీ తుడిచేశాం. మా అమ్మాయి క్రిస్మస్‌కి దేవదూత వేషం వేసిన ఫోటో, మా అమ్మ సమాధి దగ్గర తీసుకున్నది, చర్చి ముందు మా తమ్ముడి పెళ్ళి. ఎందులో శిలువ ఉందో ఎందులో లేదో చూసే ఓపిక, టైము లేక ఫోల్డర్లకి ఫోల్డర్లు కొట్టేశాం. అదీ ఫోటోలు తేకపోవడానికి కారణం.

శుక్రవారం మాకు సెలవు. ఆ రోజు ఒక నర్సు గదిలో నలుగురైదుగురం కలుసుకునేవాళ్ళం. ఫ్యాను ఫుల్లుగా పెట్టి, పెదాలు మాత్రం కదిపి కీర్తన పాడేవాళ్ళం. గొంతు రాకుండా పాట పాడటం ఎప్పుడైనా ప్రయత్నించారా? రెండో చరణానికి తాళం తప్పుతుంది. ఒకరు చివరి మాట దగ్గర ఉంటే ఇంకొకరు ముందుకు పోయి ఉంటారు. ఆమెన్ ఒక్కటే అందరికీ కలిసేది.

కానీ మా కష్టం కష్టమే కాదు. మాకు రిటర్న్ టికెట్ ఉంది. పుట్టినవాళ్ళకి లేదు. 2010 మే నెలలో మాలేలో ఇస్లాం ప్రచారకుడు జాకిర్ నాయక్ సభ జరిగింది. వేల మంది. ప్రశ్నల సమయంలో ఒకతను లేచి, నేను ముస్లింగానే పుట్టాను, నమ్మాలని చూశాను, నమ్మలేకపోతున్నాను, నా సంగతేమిటి అని అడిగాడు. అతను క్రైస్తవుడు కాలేదు, ఏదీ కాలేదు. పైకి అన్నాడంతే. జనం మీదికి పోతే పోలీసులు అడ్డుపడి తీసుకుపోయారు. కొద్ది రోజుల్లోనే బహిరంగంగా క్షమాపణ చెప్పి, మళ్ళీ ముస్లింనని ప్రకటించాడు. ఆ జూలైలోనే, విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేసే పాతికేళ్ళ కుర్రాడు అదే టవర్‌లో ప్రాణం తీసుకున్నాడు. తనకి నమ్మకం లేదని తోటివాళ్ళ దగ్గర అన్నాడట, అది పాకింది. వేరే దేశంలో ఆశ్రయం దొరుకుతుందా అని బయటి సంస్థకి ఈమెయిల్ రాసుకున్నాడు. రోజూ విమానాలకి దారి చూపించినవాడు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగం ముక్క ఒకటి కత్తిరించి ఎవరో వాట్సాప్‌లో పెడతారు. ఈ బిగింపుని ప్రశ్నించి దెబ్బ తిన్నవాళ్ళలో మొదటివాళ్ళు మాల్దీవుల ముస్లింలే. మత సహనం కావాలని బోర్డు పట్టుకుని నిలబడ్డ బ్లాగర్ హిలాత్ రషీద్ మీద రాళ్ళు పడ్డాయి, 2012 జూన్‌లో గొంతు కోశారు, ఎలాగో బతికి దేశం విడిచాడు. అదే ఏడాది అక్టోబరులో అఫ్రాషీమ్ అలీ అనే ఎంపీని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. ఆయన మత పండితుడు, కాస్త ఉదారంగా మాట్లాడేవాడు. 2014లో విలేకరి అహ్మద్ రిల్వాన్ మాయమయ్యాడు. అతని కోసం వెతుకుతూ రాసిన స్నేహితుడు యామీన్ రషీద్‌ని 2017 ఏప్రిల్లో సొంత అపార్ట్‌మెంటు మెట్ల మీద పొడిచి చంపారు. ఇక 2012 ఫిబ్రవరిలో నషీద్ దిగిపోయిన రోజున గుంపు మ్యూజియంలో దూరి, ఇస్లాంకి ముందటి బుద్ధ విగ్రహాల్ని పిండి చేసింది. పగడపు రాతి తలలు. వాళ్ళ తాతముత్తాతలు చెక్కినవి!

ఇంకోపక్క డిసెంబరులో రిసార్టులకి వెళ్ళి చూడండి. టూరిస్టు రిసార్టులు వేరే దీవుల్లో ఉంటాయి, 1972 నుంచి అదే పద్ధతి, ఒక దీవికి ఒక రిసార్టు. మందు, పంది మాంసం, ఈత దుస్తులు అన్నీ అక్కడ ఓకే. 2024లో ఇరవై లక్షలకి పైగా టూరిస్టులు వచ్చారు. క్రిస్మస్ చెట్టు పెడతారు, శాంటా తాత పడవ మీద దిగుతాడు. ఎర్ర టోపీ పెట్టుకుని కేకు అందించే వెయిటరు దివేహి కుర్రాడే కావచ్చు. అదే కుర్రాడు తన దీవికి పోయి ఆ పండగ ఎవరి పుట్టినరోజని అడిగితే చిక్కు. డాలరుకి మతం లేదు, పౌరుడికి ఉంది.

(సభలో ఎవరో: "వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం కదండీ?")

మంచి ప్రశ్న, బాబాయ్. వాళ్ళ దేశమే. 2006లో వాళ్ళే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరారు. చేరుతూ, మత స్వేచ్ఛ గురించిన పద్దెనిమిదో అధికరణం మాత్రం మా రాజ్యాంగానికి లోబడే అని మెలిక పెట్టారు. అంటే ఆ హక్కు ఉందని తెలుసు, దానికి తలుపు ఎక్కడుందో తెలుసు, అక్కడే తాళం వేశారు. నా అభ్యంతరం చిన్నది. అత్యధికులు ముస్లింలైన దేశం ముస్లిం పద్ధతిలో నడవడం వేరు, ఒక్కడు కాదన్నా వాడు లేడని రాసుకోవడం వేరు. తొంభైతొమ్మిది మంది ఉన్నారంటే నమ్మొచ్చు. నూరో మనిషి గురించే నా గొడవ.

మైకు కుర్రాడు సైగ చేస్తున్నాడు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

నేను తిరిగి వచ్చేసే ముందు వారం, ఆ దీవిలోనే పుట్టిపెరిగిన కుర్రాడు ఒకడు మా ఇంటికి గిన్నెలో చేపల పులుసు తెచ్చాడు. గరుధియ అంటారు, ట్యూనా ముక్కలు ఉప్పునీళ్ళలో కాచింది, నిమ్మకాయ పిండుకుని అన్నంలో తింటారు. గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోకుండా అటూ ఇటూ చూశాడు. "సర్, మీ ఊళ్ళో ఎవరైనా మతం మారితే వాళ్ళమ్మ మాట్లాడుతుందా?" అన్నాడు. కొందరు మాట్లాడతారు, కొందరు మాట్లాడరు అన్నాను. మా పెద్దనాన్న సంగతి చెప్పాను, వాళ్ళమ్మ చాలా కాలం పలకలేదని. "ఎన్నాళ్ళకి పలికింది?" అన్నాడు. మనవడు పుట్టాక, అన్నాను. తల ఊపాడు.

ఎందుకు అడిగాడో నేను అడగలేదు. అడిగితే వాడు చెప్పాలి, చెప్తే నేను మొయ్యాలి. పులుసు వేరే గిన్నెలోకి వొంపుకుని, వాడి గిన్నె కడిగి తుడిచి ఇచ్చాను. పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉంటానండీ, నమస్కారం.